చిన్న పందెపు కారు – చేతిపని, లెక్క, చదువు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా ఏర్పాటైన విజ్ఞాన ప్రదర్శన ప్రారంభ సభలో ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



షోలాపూరు నగరంలో తెలుగు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టి మన పాఠశాలకు డెబ్బది అయిదు సంవత్సరాలు నిండినవి. ఇటువంటి సందర్భాలలో భాషను గూర్చి, సంస్కృతిని గూర్చి, మన పూర్వులు తెలంగాణ పల్లెల నుండి మగ్గాన్ని, మాటను వెంటబెట్టుకొని ఇక్కడికి వచ్చిన చరిత్రను గూర్చి మాట్లాడుట ఆచారం. ఆ విషయాలను నాకంటె అనుభవజ్ఞులు ఈ వేదికపై ముచ్చటించనున్నారు. నేను మాత్రం ప్రదర్శనశాలలో మూడవ బల్లపై ఉన్న ఒక చిన్న కారును గూర్చి మాట్లాడదలచినాను.

రేడియో తరంగాలతో నడిచే ఆ పందెపు కారును మన విజ్ఞాన మండలి పిల్లలు స్వయంగా జోడించి, నడిపి, విప్పి, శుభ్రపరచి, మరల జోడించుచున్నారు. ఈ పని మొదలైన నాటి నుండి తల్లిదండ్రులు నన్ను మూడు ప్రశ్నలు అడుగుచున్నారు. బొమ్మకారుతో ఆడుకొంటే చదువు పాడుకాదా అన్నది మొదటిది. దాని బ్యాటరీ వలన ప్రమాదం లేదా అన్నది రెండవది. మూడవ ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగలేదు, గొంతు తగ్గించి అడిగినారు. "తెలుగు మాధ్యమంలో చదివే మన పిల్లలకు ఇటువంటి యంత్రాలు పట్టుబడతాయా, అమ్మా?" అన్నది ఆ ప్రశ్న. ఈ మూడింటికీ సమాధానం చెప్పుట నా బాధ్యత.

ముందుగా ఆ కారు స్వరూపాన్ని పరిచయం చేస్తాను. దూరం నుండి రేడియో ద్వారా ఒక వాహనాన్ని నడపవచ్చునని 1898లో నికోలా టెస్లా న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవను నడిపి చూపినాడు. మన బల్లపై ఉన్న కారు జపాను దేశపు షిజువోకా నగరంలోని తమియా సంస్థ రూపొందించిన టి.టి.-02 అనే నమూనా. ఆ సంస్థ 1946లో కలప వ్యాపారంతో మొదలై, తరువాత కొయ్యబొమ్మలకు, ఆపై ప్లాస్టిక్ నమూనాలకు మళ్ళినది. 1976లో తన మొదటి రేడియో నియంత్రిత కారును విడుదల చేసినది. కొయ్య పనిచేసిన చేతులే కొత్త పనిని నేర్చినవన్న మాట. చేతిపనితో బ్రతికిన మన ఊరివారికి ఇది గమనింపదగిన విషయం.

ఈ కారు అసలు కారులో పదవ వంతు పరిమాణం కలది. అనగా పది సెంటీమీటర్లు ఉన్న అసలు భాగం ఇక్కడ ఒక సెంటీమీటరు అవుతుంది. పన్నెండవ వంతు, ఇరవై ఎనిమిదవ వంతు పరిమాణం గల పందెపు కార్లు కూడా ఉన్నాయి. అంగడిలో దొరికే ఆటబొమ్మకు, దీనికి ఉన్న భేదం ఒక్కటే. ఆటబొమ్మ చెడితే పారవేస్తాము. దీనిలో ప్రతి భాగాన్నీ విడిగా విప్పవచ్చును, మార్చవచ్చును, సవరించవచ్చును. పిల్లవాడి చేతిలోని ప్రసారిణి నుండి వెలువడే సంకేతాన్ని కారులోని రిసీవరు అందుకొంటుంది. సర్వో అనే చిన్న మోటారు ముందు చక్రాలను త్రిప్పుతుంది. స్పీడ్ కంట్రోలర్ ప్రధాన మోటారుకు అందే విద్యుత్తును హెచ్చించి తగ్గిస్తుంది. మోటారు శక్తి పళ్ళ చక్రాల ద్వారా, పొడవైన ఇరుసు ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. చదువు పాడగునా? ఒక్క పళ్ళ చక్రాన్నే తీసుకొని చూడండి. మోటారు కొనపై ఉండే చిన్న చక్రాన్ని పినియను అంటారు. ఈ నమూనాలో దానికి 22 పళ్ళు. అది త్రిప్పే పెద్ద చక్రానికి 70 పళ్ళు. లోపలి మిగిలిన చక్రాల నిష్పత్తి 2.6. కావున 70ని 22తో భాగించి 2.6తో హెచ్చించవలెను. సుమారు 8.27 వస్తుంది. అనగా మోటారు 8.27 మార్లు తిరిగితే బండిచక్రం ఒక్కమారు తిరుగుతుంది. బండిచక్రం వ్యాసం 63 మిల్లీమీటర్లు అనుకొందాము. దాని చుట్టుకొలత సుమారు 198 మిల్లీమీటర్లు. దానిని 8.27తో భాగిస్తే, మోటారు ఒక్కమారు తిరిగినప్పుడు కారు దాదాపు 24 మిల్లీమీటర్లు ముందుకు పోవునని తేలుతుంది. పినియనును 24 పళ్ళకు మార్చితే నిష్పత్తి 7.58కి తగ్గి, అదే దూరం 26 మిల్లీమీటర్లు దాటుతుంది. తిన్నని దారిలో వేగం పెరుగుతుంది. కాని మలుపు నుండి బయటపడేటప్పుడు లాగుడు తగ్గుతుంది, మోటారు ఎక్కువ వేడెక్కుతుంది. ఒకటి కావలెనంటే మరొకటి కొంత వదులుకొనక తప్పదు. పదవ తరగతి పిల్లలకు నిష్పత్తులు, వృత్త పరిధి, దశాంశాలు ఇంతకంటె బాగుగా ఎట్లు బోధించగలమో నాకు తెలియదు.

ఈ లెక్క మన ఇండ్లకు కొత్తది కాదు. మనం సాంచ అని పిలుచుకొనే మరమగ్గంలో బట్టను చుట్టే భాగం దగ్గర ఒక మారుచక్రం ఉంటుంది. దాని పళ్ళ సంఖ్య మార్చితే అంగుళానికి పడే పేక పోగుల సంఖ్య మారుతుంది. ఏ చక్రం వేస్తే ఎన్ని పోగులు పడునో ఈ సభలో కూర్చున్న ఎందరో తండ్రులకు, తాతలకు నోటికి వచ్చును. ఒకనాడు మన విద్యార్థిని తండ్రి, మగ్గాలు బాగుచేసే జాబర్‌గా పనిచేయుచున్న ఆయన, కూతురిని తీసుకొనిపోవుటకు వచ్చి గది వాకిట నిలుచున్నాడు. లోపల కారు నడుస్తున్నది. ఆయన దానిని చూడకుండానే, "పళ్ళు మరీ గట్టిగా కరుచుకున్నయి, కొంచెం ఎడం ఇయ్యుండ్రి" అన్నాడు. విప్పి చూడగా అట్లే ఉన్నది. ఆనాటి నుండి ఆయన మాకు వీలున్నప్పుడెల్ల వచ్చి సలహా చెప్పుచున్నారు. పళ్ళ చక్రాలు బొత్తిగా అంటుకొంటే మోటారుకు భారం, మరీ ఎడమైతే పళ్ళు తెగుతాయి. మోటారు జరిపే వీలున్న కార్లలో రెండు చక్రాల నడుమ ఒక పలుచని కాగితపు ముక్క పెట్టి బిగించి, తరువాత చక్రాన్ని త్రిప్పి కాగితం తీసివేస్తే సరియైన ఎడం మిగులుతుంది. కాగితం ముడతలు పడవలెనే గాని చిరగరాదు.

ఇక కారు అమరికను గూర్చి చెబుతాను. పందెంలో గెలుపు మోటారు బలంలో ఉన్నదని పిల్లలు మొదట భావిస్తారు. నిజానికి నేలను చక్రం ఎంత గట్టిగా పట్టుకొంటుందన్న దానిపైననే అంతా ఆధారపడి ఉన్నది. అందుచేత అమరికలో మొదటి మెట్టు టైర్లే. రబ్బరు టైర్లపై ధూళి పేరుకొంటే ఎంత మంచి అమరికయైనా వ్యర్థం. మనది ధూళి ఎక్కువగా ఉండే ఊరు. కావున కారు నడుపుటకు ముందు వాలీబాల్ ఆడే సిమెంటు నేలను పిల్లలే ఊడ్చుకొంటారు. ప్రతి విడత తరువాత టైర్లను తడిగుడ్డతో తుడిచి ఆరబెడతారు.

రెండవ మెట్టు ఎడమ కుడి సమానత. నాలుగు షాక్ అబ్సార్బర్ల పొడవును కొలబద్దతో కొలిచి, ఎడమదానికి కుడిది సరిపోయేటట్లు చూడవలెను. ఈ కిట్టుతో వచ్చే సాధారణ షాకులలో నూనె ఉండదు. నూనె షాకులు విడిగా అమర్చుకొనవలెను. వాటిలో సిలికాను నూనె పోసి, పిస్టన్‌ను నెమ్మదిగా పైకి క్రిందికి కదిపి, బుడగలన్నీ పైకి తేలి పగిలేవరకు ఓపికగా ఆగి, ఆ తరువాతనే మూత బిగించవలెను. గాలి మిగిలిన షాకు ఒకమారు ఒకవిధంగా, మరొకమారు వేరొక విధంగా పనిచేస్తుంది. అటుపిమ్మట కారును బల్లపై ఉంచి, ముందు భాగం సరిగ్గా నడుమ ఒక సన్నని కత్తి మొన పెట్టి మెల్లగా ఎత్తవలెను. రెండు చక్రాలు ఒకేసారి లేవవలెను. ఒకటి ముందు, ఒకటి వెనుక లేస్తే ఎక్కడో మెలి ఉన్నదన్నమాట. ఆ మెలిని తీయక మిగిలిన సవరణలకు పోరాదు.

మూడవ మెట్టు నేల నుండి కారు ఎత్తు. నున్నని పందెపు నేలపై ఈ తరగతి కార్లను 5 మిల్లీమీటర్ల ఎత్తున నడుపుతారు. మన సిమెంటు నేల అంత నున్నన కాదు గనుక పిల్లలు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెంచుకొన్నారు. ఎత్తు తగ్గితే కారు బరువు నేలకు దగ్గరై మలుపులో తక్కువగా ఒరుగుతుంది. మరీ తగ్గితే అడుగు రాచుకొంటుంది.

నాలుగవ మెట్టు చక్రాల వాలు. ముందు నుండి చూచినప్పుడు చక్రం పైభాగం కొద్దిగా లోపలికి వాలి ఉండుటను క్యాంబరు అంటారు. సాధారణంగా ఒకటిన్నర నుండి రెండు డిగ్రీల వాలు పెడతారు. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటి చక్రం అప్పుడు నేలపై పూర్తిగా ఆనుతుంది. ఎంత వాలు పెట్టవలెనన్నది టైరే చెబుతుంది. లోపలి అంచు ఎక్కువ అరిగినదంటే వాలు ఎక్కువైనదని అర్థం. బయటి అంచు అరిగినదంటే తక్కువైనదని అర్థం. మన నమూనాలో ఈ వాలును మార్చుటకు సవరించుకొనే పై చేతులను విడిగా అమర్చవలసి ఉన్నది. పై నుండి చూచినప్పుడు వెనుక చక్రాల ముందు అంచులు రెండు మూడు డిగ్రీలు లోపలికి చూచునట్లు ఉంచుటను టో-ఇన్ అంటారు. దానివలన వెనుక భాగం చెదరక నిలకడగా వస్తుంది.

అయిదవ మెట్టు స్ప్రింగులు. ఇక్కడ ఒక సామాన్య సూత్రం ఉన్నది. ముందు వెనుకలలో ఏ వైపు స్ప్రింగులు మెత్తబడితే ఆ వైపు పట్టు హెచ్చుతుంది. చక్రాలు త్రిప్పినా కారు తిరుగక తిన్నగా పోవుచున్నదంటే ముందు చక్రాలకు పట్టు చాలలేదు. ముందు స్ప్రింగులను మెత్తవి వేయవలెను, లేదా వెనుక గట్టివి వేయవలెను. దానికి విరుద్ధంగా వెనుక భాగం జారి కారు గిరగిర తిరిగితే వెనుక మెత్తబరచవలెను. మొదటిదానికి "ముందు జారుట" అని, రెండవదానికి "వెనుక జారుట" అని మన పిల్లలు తమ నోటుపుస్తకంలో వ్రాసుకొన్నారు.

ఆ నోటుపుస్తకమే ఈ ప్రదర్శనలో నాకు అన్నిటికంటె విలువైన వస్తువు. మా నియమం ఒక్కటే. ఒక విడతలో ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. స్ప్రింగు మార్చిన విడతలో టైరు మార్చరాదు, ఎత్తు మార్చరాదు. చేసిన మార్పును, ఆనాటి ఎండను, నేల స్థితిని, చుట్ల సమయాలను వ్రాయవలెను. మేలు కలుగకపోతే పూర్వపు అమరికకు తిరిగి రావలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినవారికి మేలు జరిగినా దేనివలన జరిగినదో తెలియదు, కీడు జరిగినా తెలియదు. విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకంలో ప్రయోగ పద్ధతి అని మనం బట్టీపట్టించేది ఇదే. ఇక్కడ పిల్లలు దానిని బట్టీపట్టలేదు, ఆచరించినారు.

వేగాన్ని చూచే దృష్టి కూడ ఈ పుస్తకంతో మారినది. ఉదాహరణకు ఒకరు అయిదు చుట్లను 14, 14, 15, 19, 18 సెకన్లలో తిరిగినారనుకొందాము. మొత్తం 80 సెకన్లు. మరొకరు 15, 16, 15, 16, 15 సెకన్లలో తిరిగినారు. మొత్తం 77 సెకన్లు. అన్నిటికంటె వేగవంతమైన చుట్టు మొదటివారిది. గెలుపు మాత్రం రెండవవారిది. ఈ తరగతి విద్యుత్ కార్ల పందెం సాధారణంగా అయిదు నిమిషాలు సాగుతుంది. ఆ అయిదు నిమిషాలు గోడకు తగలకుండా ఒకే తీరున నడిపేవారే ముందుంటారు. పరీక్షకు ముందు మూడు రాత్రులు మేలుకొనే పిల్లలకు ఈ లెక్కను నేను తరచు చూపిస్తుంటాను.

సంరక్షణ విషయం ఇంకా ముఖ్యం. కారు నడిపేది పది నిమిషాలైతే దాని సేవకు గంట పడుతుంది. మొదట మెత్తని కుంచెతో ధూళి దులపవలెను. చక్రాన్ని చేతితో త్రిప్పి, చెవి దగ్గర పెట్టి వినవలెను. గరగర శబ్దం వస్తే బేరింగులో మట్టి చేరినదని అర్థం. ఈ కారులోని బేరింగులు చాలావరకు 11 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 5 మిల్లీమీటర్ల రంధ్రం కలవి. కడుగుటకు వీలైన వాటిని కడిగి, ఆరబెట్టి, ఒక్క చుక్క పలుచని నూనె వేస్తే చాలును. నూనె ఎక్కువైతే మరింత ధూళి అంటుకొంటుంది. మగ్గం దగ్గర పనిచేసినవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

మరలు బిగించుటలో ఒక మెలకువ ఉన్నది. ప్లాస్టిక్‌లోనికి పోయే మరను మొదట వెనుకకు త్రిప్పవలెను. పాత గాడిలోనికి అది టక్కున దిగినట్లు చేతికి తెలుస్తుంది. అప్పుడు ముందుకు త్రిప్పవలెను. అట్లు చేయక బలవంతంగా త్రిప్పితే కొత్త గాడి పడి, నాలుగు మార్లకు రంధ్రం వదులవుతుంది. లోహంలోనికి పోయే మరలకు మాత్రం అదురుకు ఊడిపోకుండా బిగింపు జిగురు ఒక చుక్క వేయవలెను. ప్లాస్టిక్‌కు ఆ జిగురు వేయరాదు, వేస్తే ప్లాస్టిక్ పగులవచ్చును. జపాను కార్ల నక్షత్రపు మరల తలలు మన బజారు స్క్రూడ్రైవరుకు సరిగా ఇమడవు. తగిన కొన కలది వాడకపోతే తల అరిగి మర రాకుండా పోతుంది. పారదర్శకమైన పైతొడుగుకు రంగు లోపలి వైపు వేస్తారు. మొదట సబ్బునీటితో జిడ్డు పోగొట్టి, ముదురు రంగును ముందు, లేత రంగును తరువాత వేయవలెను. ప్రదర్శనలోని కారు తొడుగుపై మీరు చూచే పద్మం బొమ్మను మన తొమ్మిదవ తరగతి బాలికలు వేసినారు.

ఇక రెండవ ప్రశ్న, బ్యాటరీ ప్రమాదం. తల్లిదండ్రుల భయం సహేతుకమైనదే. దానిని నేను తేలికగా తీసుకొనను. మన పిల్లలు ఆరు గదుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీతో నేర్చుకొన్నారు. గదికి 1.2 వోల్టుల చొప్పున అది 7.2 వోల్టులు. పందెపు కార్లలో నేడు లిథియం పాలిమర్ బ్యాటరీలు వాడుచున్నారు. వాటి ఒక్కొక్క గది సామాన్య వోల్టేజి 3.7. నిండినప్పుడు 4.2. అంతకుమించి నింపరాదు. 3 వోల్టుల కంటె దిగువకు ఖాళీ చేయరాదు. వాడకుండా దాచవలెనన్నప్పుడు 3.8 వోల్టుల దగ్గర ఉంచవలెను. 4000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీని 4 ఆంపియర్లకు మించకుండా నింపుట క్షేమకరం. గదులను సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జరునే వాడవలెను.

మన పాఠశాలలో ఈ నియమాలను గోడపై వ్రాయించినాము. ఉపాధ్యాయుడు లేనిదే చార్జింగ్ లేదు. రాతి బండపై, నిప్పు తట్టుకొనే సంచిలో ఉంచి మాత్రమే నింపవలెను. ప్రక్కన ఇసుక బకెట్టు ఉండవలెను. వేడిగా ఉన్న బ్యాటరీని చల్లారనిచ్చి నింపవలెను. మే నెల ఎండలో మూసిన బండిలో, కిటికీ ప్రక్కన బ్యాటరీ ఉంచరాదు. ఉబ్బిన బ్యాటరీని పొడవరాదు, నొక్కరాదు, చెత్తబుట్టలో వేయరాదు. పెద్దలకు అప్పగిస్తే అనుమతి పొందిన సేకరణదారుకు పంపుతాము. ఏ విద్యార్థీ లిథియం బ్యాటరీని ఇంటికి తీసుకొనిపోరాదు. ఇండ్లలో పిల్లలు సెల్‌ఫోనును దిండు క్రింద ఉంచి రాత్రంతా చార్జింగ్ పెట్టుచున్నారని మీరే చెప్పినారు. ఆ ఫోనులో ఉన్నదీ లిథియం బ్యాటరీయే. ఈ నియమాలు నేర్చిన పిల్ల మీ ఇంటిలో ఆ దిండు క్రింది ఫోనును తానే తీసి పెడుతుంది.

నడిపేటప్పుడు పాటించే వరుస కూడా ఉన్నది. ముందు చేతిలోని ప్రసారిణిని వెలిగించి, తరువాత కారును వెలిగించవలెను. ముగించేటప్పుడు ముందు కారును ఆపి, తరువాత ప్రసారిణిని ఆపవలెను. ఈ వరుస తప్పితే యజమాని లేని గుర్రంవలె కారు పరుగెత్తవచ్చును. పూర్వం 27 మెగాహెర్ట్జ్ తరంగాలపై నడిచే రోజులలో ఒకే స్ఫటికం గల ఇద్దరు ఒకేసారి వెలిగిస్తే ఒకరి కారు మరొకరి మాట వినేది. నేటి 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలలో ప్రసారిణి, రిసీవరు ఒకదానినొకటి గుర్తుపెట్టుకొంటాయి గనుక ఆ ఇబ్బంది తొలగినది. మన దేశంలో అల్పశక్తి పరికరాలకు ఈ తరంగాలను 2005లో లైసెన్సు అవసరం లేకుండా విడుదల చేసినారు. ఏమైనను బాటపై, వీధిలో, జనం నడిచే చోట ఈ కారును నడుపుట మాకు నిషిద్ధం.

ఇప్పుడు మూడవ ప్రశ్న. తెలుగులో చదివే పిల్లలకు ఇది పట్టుబడునా?

కారుతో వచ్చిన పుస్తకంలో జపాను, ఆంగ్లం, జర్మను, ఫ్రెంచి భాషలలో సూచనలు ఉన్నవి. తెలుగు లేదు. మన పిల్లలు బొమ్మలను చూచి సగం అర్థం చేసికొన్నారు. మిగిలిన సగం కోసం ఆంగ్ల వాక్యాలను పదకోశం సాయంతో చదివినారు. చదివినదానిని తెలుగులో వ్రాసికొన్నారు. క్యాంబరును క్యాంబరు అనే వ్రాసినారు, సర్వోను సర్వో అనే వ్రాసినారు. అందులో తప్పు లేదు. మాటను తర్జుమా చేయుట అర్థమగుట కాదు. క్యాంబరు ఎందుకు పెట్టవలెనో చెల్లెలికి చెప్పగలుగుట అర్థమగుట. ఆ చెప్పుట వారు తెలుగులో చేసినారు. ఆంగ్లం చదువుటకు వారికి కారణం దొరికినది, తెలుగులో ఆలోచించుటకు ధైర్యం దొరికినది. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులు కావని ఆ నోటుపుస్తకమే సాక్ష్యం చెబుతుంది.

మరొక మాట కూడా మనసు విప్పి చెప్పవలెను. ఏటేటా మన పాఠశాలలో చేరే పిల్లల సంఖ్య తగ్గుచున్నది. ఈ సంగతిని జూబిలీ తోరణాల వెనుక దాచుట నాకు ఇష్టం లేదు. తెలుగులో చదివితే బిడ్డ వెనుకబడునేమోనన్న భయం తల్లిదండ్రులది. ఆ భయాన్ని ఉపన్యాసాలతో పోగొట్టలేము. పిల్లల చేతులలో, పిల్లల మాటలలో చూపించవలెను. మన ఇండ్లలో తరాలుగా కూడిన యంత్రజ్ఞానం ఉన్నది. చెవితో విని పళ్ళ చక్రాల ఎడం చెప్పగల తండ్రులు ఉన్నారు. వారు దానిని ఏనాడూ వ్రాయలేదు. అది జ్ఞానమని ఎవరూ వారికి చెప్పలేదు. బడి గడప దాటిన బిడ్డకు తండ్రి పని చదువుకు సంబంధం లేనిదిగా కనిపించినది. కారు విప్పుచు కూర్చున్న బల్ల దగ్గర ఆ రెండూ కలిసినవి. ఆ జాబర్ గారు చెప్పిన మెలకువను ఆయన కూతురే నోటుపుస్తకంలో వ్రాసినది. క్రింద తండ్రి పేరు వ్రాసి ఆయన చేత సంతకం చేయించినది. మన పాఠశాల ఎందుకు ఉండవలెనని ఎవరైనా అడిగితే నేను ఆ పుటను చూపిస్తాను.

పూర్వవిద్యార్థులకు నా విన్నపం ఇది. ఈ కార్లు చవుక కావు. అందుకే పన్నెండుమంది పిల్లలకు ఒక్క కారు చొప్పున పంచినాము. మరిన్ని కార్లు కొనివ్వుడని నేను అడుగను. వారానికి ఒక గంట అడుగుతాను. మీలో యంత్రశాలలో పనిచేయువారు కొలతలు నేర్పండి. విద్యుత్ పని తెలిసినవారు టంకం వేయుట నేర్పండి. లెక్కలు వ్రాసేవారు ఆ నోటుపుస్తకం వ్రాయుట నేర్పండి. మీకు తెలిసినదానిని మీకు వచ్చిన తెలుగులో చెప్పండి. యాస ఏదైనను మాకు అభ్యంతరం లేదు.

ఈ పందెములలో ఒక మంచి ఆచారం ఉన్నది. తన పందెం ముగించిన ఆటగాడు ఇంటికి పోరాదు. తరువాతి పందెం జరిగేటప్పుడు మలుపు దగ్గర నిలబడి, బోర్లపడిన కార్లను నిలబెట్టవలెను. అప్పటివరకు తనతో పోటీపడినవాని కారైనను సరే, పరుగున పోయి నిలబెట్టవలెను. గెలిచినవారికీ, ఓడినవారికీ ఈ విధి సమానమే. అది లేకుండా పందెమే నడవదు.

మీరందరూ మీ మీ పందెములను పరుగెత్తి వచ్చినవారు. ఇప్పుడు మన పిల్లలు పరుగెత్తుచున్నారు. మలుపుల దగ్గర నిలుచుటకు మనుషులు కావలెను. ప్రదర్శనశాల తలుపులు ఇప్పుడే తెరుస్తున్నాము. మూడవ బల్ల దగ్గర పిల్లలు మీ ప్రశ్నల కోసం వేచి ఉన్నారు. దయచేసి వారిని కఠినమైన ప్రశ్నలే అడగండి.